రాహేలమ్మ హక్కులకు నాలుగు హద్దులు

దారా రాహేలమ్మ బతికున్నన్నాళ్లూ ప్రభుత్వం వీలు చిక్కినప్పుడల్లా ఆవిడని లోపల వేసింది. పోయాక ఆవిడ కాగితాల్ని లోపల వేసింది. ఆవిడకైతే ప్రతిసారీ ఎవరో ఒక వకీలు బెయిలు తెచ్చేవాడు. కాగితాలకి బెయిలిచ్చే కోర్టు ఎక్కడా లేదన్న సంగతి ఆవిడ కూతురు ఎస్తేరుకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

రాహేలమ్మ మొదట్లో రేడియో మనిషి. ఆడవాళ్ల కోసం "పెరటి ముచ్చట్లు" అని ఒక కార్యక్రమం చేసేది. వంకాయ మొక్కకి పురుగు పడితే ఏం చల్లాలో, ఊరగాయ బూజు పట్టకుండా ఏం చేయాలో చెబుతూ చెబుతూ, అదే గొంతుతో, అదే నిదానంతో, కూలి తగ్గించి ఇస్తే ఎవరిని నిలదీయాలో, ఇంటాయన్ని పోలీసులు పట్టుకుపోతే మర్నాటికల్లా ఎవరి ముందు హాజరుపరచాలో కూడా చెప్పేసేది. పైఅధికారులకి ఈ విషయం చాలాకాలం తెలియలేదు. వాళ్లు వంకాయ దగ్గరే రేడియో కట్టేసేవాళ్లు. తెలిశాక మాత్రం ఆవిడ ప్రసంగాల్ని ముందే తెప్పించుకుని చదవడం మొదలుపెట్టారు. చదివి చదివి ఒక ప్రసంగాన్ని పూర్తిగా ఆపేశారు. ఎందుకయ్యా అంటే "సాంకేతిక కారణాలు" అన్నారు. ఆ మర్నాటి నుంచి రాహేలమ్మ రేడియో గడప తొక్కలేదు. పౌరహక్కుల సంఘంలో చేరి, ఉన్న గొంతంతా రోడ్ల మీదా కోర్టుల ముందూ ఖర్చు పెట్టింది.

ఎస్తేరుకి తల్లి పోలిక ముక్కులోనే వచ్చింది, నోట్లో రాలేదు. తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. ఎక్కడ అధికారి కనిపించినా కుర్చీలోంచి సగం లేచే అలవాటు. ఇంట్లో ఒకరు చేసిన గొడవ రెండు తరాలకి సరిపోతుందని ఆమె లెక్క. తల్లి పోయాక ట్రంకుపెట్టెల నిండా ఉన్న కాగితాల్ని విప్పి చదివే ధైర్యం చాలక, చెదలకి వదిలేయడానికీ మనసొప్పక, పాత కాగితాలు దాచే రాష్ట్ర పత్రాగారానికి ఇచ్చేసింది. వాళ్లు ఆమెకి శాలువా కప్పి, ఫొటో తీసి, రసీదు చేతిలో పెట్టారు.

ఇప్పుడు రాహేలమ్మ శతజయంతి వచ్చింది. సొంతూరు కంచెర్లంకలో జనం చర్చి ముందు పందిరి వేస్తామన్నారు. "ఆ ఆపేసిన ప్రసంగం నువ్వే చదవాలమ్మా" అని ఎస్తేరుని అడిగారు. వాళ్లు అడక్కపోయినా ఆమెకి అదే కోరిక. చిన్నప్పుడంతా ఆమె హాస్టల్లో పెరిగింది. తల్లిని చూసిందానికంటే తల్లిని విన్నదే ఎక్కువ, అది కూడా వార్డెను గదిలో రేడియో గట్టిగా పెడితే. అమ్మ మాటల్లో తను విననిది ఆ ఒక్క ప్రసంగమే. అందులో ఏముందో తెలియకుండానే తనకీ రోజులు దగ్గర పడతాయేమోనని ఆమెకి బెంగ. సరే, నకలు తెచ్చుకుందామని సంచీ భుజాన వేసుకుని నగరానికి బయల్దేరింది.

పత్రాగారంలో అప్పుడు "పత్ర వికాసం" జోరుగా నడుస్తోంది. పాత కాగితం అన్నదల్లా కంప్యూటరు ఎక్కాలి. ఎక్కనిది కాగితం కిందే లెక్క కాదు. డిప్యూటీ డైరెక్టరు పరబ్రహ్మం గారి గది గోడ మీద "గతమే మన భవిష్యత్తు" అని పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆయన ఎస్తేరుని కూర్చోబెట్టి, మీటలు నొక్కి, తెర చూసి, తల అడ్డంగా ఊపారు.

"మీ మాతృమూర్తి గారి పత్రములు మా వద్ద లేవండీ."

"రసీదు ఉందండి."

"రసీదు ఉంది. పత్రములు లేవు. రెండూ వేరువేరు సెక్షన్లు."

విషయం ఏమిటంటే, పెట్టెల మీద "పౌర హక్కుల కార్యకర్త పత్రాలు" అని ఉంది. అంత పొడుగు పేరు కంప్యూటరు గడిలో పట్టలేదు. ముందు "కార్యకర్త" తీసేశారు. అయినా పట్టలేదు. "పౌర" తీసేశారు. అప్పుడు "హక్కు పత్రాలు" అని చక్కగా పట్టింది. హక్కు పత్రాలంటే ఏమిటో తెలుగు తెలిసిన ఏ ప్రభుత్వ ఉద్యోగికైనా తెలుసు. పొలం పట్టాలు.

"వర్గీకరణ రీత్యా హక్కు పత్రములు రెవిన్యూ శాఖకు చెందును. అన్యశాఖా పత్రములను మేము ఒక్క పూట కూడా ఉంచుకొనరాదు. హక్కుదారు స్వగ్రామము కంచెర్లంక గనుక, పెట్టెలన్నిటినీ అక్కడి తహసీల్దారు వారికి సగౌరవముగా లారీలో పంపించితిమి."

"అవి భూమి కాగితాలు కావండీ, రేడియో ప్రసంగాలు," అంది ఎస్తేరు నెమ్మదిగా.

"అది మీ అభిప్రాయం. కంప్యూటరు అభిప్రాయం వేరు."

"పోనీ అందులో దిద్దడానికి వీలవుతుందేమో..."

పరబ్రహ్మం గారు ఆమెని జాలిగా చూశారు. "దిద్దితే అంతకుముందు తప్పు ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది కదండీ. పత్ర వికాసంలో తప్పులు సున్నా అని ఇప్పటికే పైకి నివేదిక వెళ్లిపోయింది. మీరు చెబుతున్న తప్పు జరిగే అవకాశం లేదు."

ఎస్తేరు "సరేనండి" అని లేచింది. మెట్లు దిగుతుంటే గానీ తను దేనికి సరేనందో ఆమెకి తోచలేదు.

కంచెర్లంక తహసీల్దారు మృత్యుంజయరావు చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు. మనిషిని నిలబెట్టి మాట్లాడడు. ఫైలు వస్తే అది ఎందుకొచ్చిందని అడిగే దురలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు. ఎటు పంపాలన్నదే చూస్తాడు. రాహేలమ్మ ట్రంకుపెట్టెలు ఆయన రికార్డు గదిలో, మునిగిపోయిన లంకల పట్టాల పక్కన సర్దించాడు.

"రండమ్మా. హక్కులు మీ అమ్మగారి పేరు మీద ఉన్నాయి. ఆవిడ కాలం చేశారు. మీరు వారసులు. సర్వే అయ్యాక మీ పేరు మీదికి మారుస్తాం. తర్వాత నకలు ఇస్తాం."

"నాకు ఒక్క ప్రసంగం చాలండి. సాంకేతిక కారణాల వల్ల ఆపేసింది."

"ఒక్క ముక్కే కావాలన్నా మొత్తం కొలవాల్సిందేనమ్మా. కొలవకుండా ముక్క ఎలా తీస్తాం?" అని ఆయన, ఆమె అడిగిన ప్రసంగాన్ని వెతికించి, ఫైలు పైన దారంతో కుట్టించి, దరఖాస్తు ముందుకు లాక్కున్నాడు. ఎస్తేరు ఆ కాగితాల వైపు చెయ్యి చాచబోయింది. ఆయన మర్యాదగానే ఫైలు తనవైపు జరుపుకున్నాడు. "సర్వే కాకుండా చూడకూడదమ్మా. ఇంతకీ ఏ హక్కులవి?"

"పౌరహక్కులండి. మాట్లాడే హక్కు, కూలి అడిగే హక్కు, బతికే హక్కు..."

"వేరువేరు చోట్ల ఉన్నాయా, అంతా ఒకే చెక్కా?"

ఎస్తేరు ఆలోచించింది. పిల్లలకి పరీక్షలు పెట్టిన మనిషి, అడిగినదానికి జవాబు రాయకుండా వదిలేయడం ఆమెకి చేతకాదు. "అన్నీ కలిసే ఉంటాయండి. ఒకటి పోతే రెండోది నిలబడదనేది అమ్మ."

"అయితే ఒకే చెక్క," అని రాసుకున్నాడు తహసీల్దారు. "మెట్టా, పల్లమా?"

పక్కనే నిలబడ్డ సర్వేయరు సోమలింగం అందుకున్నాడు. "మెట్టే రాసేయండి సార్. చాలాకాలంగా ఎండే ఉన్నాయి కదండీ. ఎలక్షన్లప్పుడు కాస్త తడుస్తాయంతే."

తహసీల్దారు అతన్ని కళ్లతోనే మందలించి, "వర్షాధారం" అని రాశాడు. "హద్దులు చెప్పండమ్మా."

"హక్కులకి హద్దులుంటాయాండీ?"

"హద్దుల్లేకుండా హక్కులిచ్చే ప్రభుత్వం భూమ్మీద లేదు తల్లీ. జ్ఞాపకం చేసుకోండి. మీ అమ్మగారు ఏ వైపు ఎందాకా వెళ్తే ఆపేవారు?"

అడిగిన తీరులో వెటకారం లేదు. ఎస్తేరు కళ్లు మూసుకుని తల్లి నడిచిన దారులన్నీ తలుచుకుంది. "తూర్పున పోలీస్ స్టేషనండి. ఉత్తరాన కలెక్టరు గారి బంగళా. పడమర పెదబాబు గారి కొబ్బరితోట గేటు, కూలి అడగడానికి వెళ్తే అక్కడ ఆపేవాళ్లు."

"దక్షిణం?"

"మా నాన్నగారండి," అంది ఎస్తేరు.

తహసీల్దారు తలెత్తకుండా "దక్షిణం: భర్త" అని రాసి, చదివి, సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. తల్లి గురించి సభల్లో ఎందరో ఎన్నో ఉపన్యాసాలిచ్చారు గానీ, ఇంత నిజంగా ఎవరూ చెప్పలేదని బస్సులో కూర్చున్నాక ఆమెకి అనిపించింది. నవ్వాలో ఏడవాలో తెలియక టిక్కెట్టు మడతపెడుతూ కూర్చుంది.

వారం తిరక్కుండా సోమలింగం సర్వే గొలుసు పట్టుకుని దిగాడు. హక్కుల్ని కొలవడం అతని సర్వీసులో ఇదే మొదటిసారి. అయినా బెదరలేదు. స్టేషను గోడ దగ్గర గొలుసు ఒక కొస పెట్టి, రెండో కొస పెదబాబు గారి గేటు వైపు లాగించాడు. సాయంత్రానికి చెమటలు కక్కుతూ వచ్చి చెప్పాడు. కొలతలో తేడా వస్తోంది. తూర్పున పోలీస్ స్టేషను గోడ హక్కుల్లోకి బాగా జరిగి వచ్చింది. పడమర గేటు అయితే సగందాకా వచ్చేసింది. దక్షిణం హద్దు కాలం చేశాక ఆ వైపు ఖాళీగానే ఉంది గానీ, అప్పటికే రాహేలమ్మ ముసలిదైపోయింది.

"స్టేషనుది ఆక్రమణ కింద రాయమంటారా సార్?"

"ప్రజలు చేస్తే ఆక్రమణ. ప్రభుత్వం చేస్తే సేకరణ," అన్నాడు మృత్యుంజయరావు. "ఆ ముక్క కొట్టేయండి. గేటు సంగతి అసలు ఎత్తొద్దు. ఇంతకీ అనుభవదారు ఎవరు?"

రెవిన్యూ వాళ్ల లెక్కలో భూమికి ఇద్దరు మనుషులుంటారు. కాగితం మీద పేరున్నవాడు హక్కుదారు. దున్ని, పండించి, తింటున్నవాడు అనుభవదారు. ఇద్దరూ ఒకరే కావాలని ఎక్కడా లేదు. రాహేలమ్మ హక్కుదారని తేలిపోయింది. మరి ఆ హక్కుల్ని ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు?

సోమలింగం కాగితం కలం పట్టుకుని చర్చిపేటలోకి వెళ్లాడు. నూకరత్నం అనే ముసలామె అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతోంది. వయసులో ఉండగా రాహేలమ్మ రేడియో వదలకుండా విన్న మనిషి.

"మామ్మా, పౌరహక్కులు ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉన్నాయి?"

"ఏటి బాబూ అయ్యి?"

"హక్కులు. ఇక్కడెవరైనా వాడుకుంటున్నారా?"

నూకరత్నం తాడు ఆపి, పేటంతా ఒకసారి కలయజూసింది. "ఈ పేటలో ఎవరి కాడా నేవండి. ఉంటే దాసుకుంటావా ఏటి? పైఈదిలో అడగండి, ఆళ్ల కాడేవన్నా ఉన్నాయేమో."

అతను పైవీధికి వెళ్లి పెదబాబు గారిని అడిగాడు. ఆయన ఉయ్యాలబల్ల మీద నుంచి లేవకుండానే, "మాకు హక్కులతో పనేముందయ్యా? మా పనులు ఊరికే అవుతాయి కదా," అన్నారు.

సోమలింగం "అనుభవదారు: ఎవరూ లేరు" అని రాసి, గ్రామస్థుల సాక్షి సంతకాలతో సహా దాఖలు చేశాడు.

కబురందుకుని ఎస్తేరు వచ్చేసరికి తహసీల్దారు మొహం బరువుగా పెట్టుకుని ఉన్నాడు. "చిక్కొచ్చిందమ్మా. హక్కుదారు లేరు. అనుభవదారూ లేరు. ఎవరి అనుభవంలోనూ లేనిదాన్ని వారసుల పేర మార్చడం కుదరదు. ఇలాంటిదాన్ని మా భాషలో పోరంబోకు అంటాం. ప్రభుత్వానికి దఖలు పడిపోతుంది."

"పౌరహక్కులు పోరంబోకాండీ?"

"రికార్డు ప్రకారం."

"మరి అమ్మ కాగితాలు?"

"పోరంబోకు మీద ప్రైవేటు కాగితాలు ఉండకూడదమ్మా. తగలబెట్టేసి, తగలబెట్టినట్టు ఒక కాగితం రాసి పెడతాం. అది మీకు నకలు ఇస్తాం, ఇబ్బంది లేదు."

చెదలు తినకూడదని ఎస్తేరు తీసుకెళ్లి ఇచ్చింది. ఆ పెట్టెల్లో ఎందరెందరి గోడూ ఉంది. అన్నిటికీ మించి తల్లి గొంతు ఉంది. తనే చేతులారా మంటకి అప్పజెప్పినట్టయింది. అంతా అయ్యాక నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఇంకేం దారి లేదాండీ?" అనే.

"ఉందమ్మా, ప్రకటన ఇస్తాం. హక్కులు మా అనుభవంలో ఉన్నాయని ఎవరైనా వస్తే విచారిస్తాం."

"ఎవరూ రాకపోతే?"

"మా ప్రకటనలకి ఇంతవరకు ఎవరూ రాలేదు," అన్నాడు ఆయన ధైర్యం చెబుతున్నట్టు.

మర్నాడు ఆటో మీద మైకు కట్టుకుని ఒకతను ఊళ్లన్నీ తిరిగాడు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, కీర్తిశేషులు దారా రాహేలమ్మ గారి పేరిట నమోదై, ప్రస్తుతము ఎవరి అనుభవములోను లేని పౌర హక్కులను ప్రభుత్వము వారు స్వాధీనపరచుకొనుచున్నారు. సదరు హక్కులపై ఎవరికైనను హక్కు ఉన్న యెడల, తగు రుజువులతో తహసీల్దారు వారి ఎదుట హాజరు కావలెను. హాజరు కాని వారికి హక్కులు లేనట్లు భావింపబడును."

విచారణ సరిగ్గా శతజయంతి నాడే పడింది. చర్చి ముందు పందిరి వేసినవాళ్లు, పందిరినీ పులిహోర గంగాళాన్నీ అక్కడే వదిలేసి తహసీల్దారు ఆఫీసుకి వచ్చేశారు. వాళ్లని చూసి దారిలో పొలాల్లో ఉన్నవాళ్లూ కలిశారు. ఆటో మైకు విన్న పక్కూళ్ల వాళ్లు, తమ హక్కులు ఎవరో పట్టుకుపోతున్నారట అంటూ ట్రాక్టర్లెక్కి దిగారు. అవి ఉన్నాయని వాళ్లలో చాలామందికి పోతున్నాయన్నప్పుడే తెలిసింది. ఆవరణ నిండింది. గోడలెక్కారు. మృత్యుంజయరావు వరండాలో బల్ల వేయించి, జనానికి వినపడాలని మైకు పెట్టించాడు.

"ఒక్కొక్కరే రండి. హక్కులు మీ అనుభవంలో ఉన్నట్టు రుజువు చూపించండి."

రుజువు ఎవరి దగ్గరుంటుంది? ఒకతను ఓటరు కార్డు చూపించాడు. అది ఎలక్షన్ల శాఖది, ఇక్కడ చెల్లదన్నారు. ఒకామె ఒంటి మీది లాఠీ మచ్చ చూపించింది. అది హక్కు లేదనడానికి రుజువవుతుంది గానీ ఉందనడానికి కాదని తహసీల్దారు నిదానంగా వివరించాడు. నూకరత్నం వంతు వచ్చింది.

"నేను రేడియోలో ఇన్నానండి. ఆ యమ్మ సెప్పేది, మనకి హక్కులున్నాయని."

"వినడం అనుభవం కిందికి రాదమ్మా. సరే, ఇక్కడ వేలిముద్ర వేసి వెళ్లండి." సదరు పత్రముల మీద మాకు ఎట్టి హక్కూ లేదు అని అచ్చు వేసిన కాగితం ముందుకు తోశాడు.

నూకరత్నం సిరా డబ్బీ దాకా వేలు చాచింది. మళ్లీ వెనక్కి తీసుకుంది. "సదివి ఇనిపించండి బాబూ."

"చెప్పానుగా, మీకు హక్కు లేదని..."

"అది కాదండి. దేని మీద హక్కు నేదని ఏలిముద్ర ఎయ్యమంటన్నారో, ఆ యమ్మ కాయితం సదివి ఇనిపించండి. ఇనకుండా ఎయ్యను."

వెనక జనం "అదీ అదీ" అన్నారు. మృత్యుంజయరావు ఆలోచనలో పడ్డాడు. ఆమె మొండితనం ఆయన్ని కదిలించలేదు. నియమం కదిలించింది. ఏ దస్తావేజుకైనా చివర "చదివి వినిపించగా విని ఒప్పుకొని" అన్న ముక్క ఉండి తీరాలి. అది లేకపోతే పైన ఆడిట్లో ఫైలు మొత్తం కొట్టేస్తారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఫైలు పైన కుట్టి ఉన్న ప్రసంగం దారం తెంపి, మైకు దగ్గరకి లాక్కున్నాడు.

ఎస్తేరు స్తంభం పట్టుకుని నిలబడింది.

ఆయన దస్తావేజు చదివినట్టే, ఎత్తూ పల్లం లేకుండా చదివాడు. "అక్కలూ, చెల్లెళ్లూ, పొయ్యి మీద ఏముందో చూసుకుని రండి. మాడిపోతే నన్ను తిట్టుకుంటారు."

ఆడవాళ్లు కొందరు కిసుక్కుమన్నారు. తహసీల్దారు కాగితం తిప్పి చూసి, సర్వే నంబరు ఎక్కడా లేకపోవడంతో కొనసాగించాడు.

"ఈ వారం వంకాయల గురించి చెప్పాలి. చెప్పను. మీకు నాకంటే బాగా తెలుసు. ఇన్నేళ్లుగా నేను మాట్లాడుతున్నాను, మీరు వింటున్నారు. ఈ పెట్టెలోంచి నేను చెప్పడమే గానీ, పెట్టెలోకి మీరు చెప్పడానికి వీల్లేదు. నాకిది బాగోలేదు. అందుకని ఈ వేళ కాసేపు నేను నోరు మూసుకుంటాను. భయపడి ఎవరికీ చెప్పని మాట మీ అందరి దగ్గరా ఒకటి ఉంటుంది. దాన్ని ఇప్పుడు పైకి అనండి. ఇంట్లో ఎవరూ లేకపోతే బియ్యం డబ్బాకి చెప్పండి. నేను వింటున్నాననుకోండి. బ్రాకెట్లో, రెండు నిమిషాలు నిశ్శబ్దం."

ఆ ముక్క కూడా చదివేసి ఆయన ఆగాడు. దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు, ఏదీ వదలకుండా వినిపించాలి. నిశ్శబ్దం ఉంటే నిశ్శబ్దం వినిపించాలి. వాచీ చూసుకుంటూ మైకు ముందు నిలబడిపోయాడు.

ఎస్తేరుకి అప్పుడర్థమైంది. రేడియో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే అధికారులకి గుండె ఆగిపోతుంది. వాళ్లు ఆపేసింది అమ్మ మాటల్ని కాదు, అవతలివాళ్ల మాటల కోసం అమ్మ వదిలిన చోటుని.

కాసేపు మైకు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత నూకరత్నం ఎవర్నీ చూడకుండా అంది. "మా ఆయన్ని స్టేషన్లో కొట్టి సంపేసేరు. గుండాగిపోయిందని రాసేరు. నేను సదివించుకోకుండా ఏలిముద్ర ఏసేసేను."

ఆమె పక్కనున్న మనిషి ఏదో గొణిగాడు. ఇంకొకరు. తర్వాత ఎవరు ఏం అంటున్నారో తెలియలేదు. అందరూ ఒకేసారి, ఎవరి మాట వాళ్లు, ఎవరికీ కాకుండా చెప్పుకుంటున్నారు. మొగుడి పేరు ఎత్తినవాళ్లున్నారు, పెదబాబు గారి పేరు ఎత్తినవాళ్లున్నారు. సోమలింగం గొలుసు పట్టుకుని గోడకేసి తిరిగి, "స్టేషను గోడ జరిగిన మాట నిజమే, కాగితంలోంచి నేనే కొట్టేశాను," అంటున్నాడు.

ఆ హోరులో మృత్యుంజయరావు వాచీ మీంచి కళ్లు ఎత్తలేదు. కానీ ఆయన పెదాలు కదిలాయి. "ఈ ఫైలు నా దగ్గరికెందుకొచ్చిందో మొదటిరోజు నుంచీ నాకు తెలియదు. అడిగితే చేతకానివాడంటారని అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఏదీ అడగలేదు." మైకు ఆయన ముందే ఉండటంతో ఊరంతా విన్నది. దీనికి తర్వాత ఆయనకి మెమో వచ్చింది. ఆయన అన్నది అబద్ధమని అందులో లేదు. ప్రభుత్వ మైకులో అన్నాడని ఉంది.

ఎస్తేరు కూడా అంది. స్తంభానికి దగ్గరగా, చిన్నగా అంది. "అమ్మా, నువ్వు అందరితో మాట్లాడేదానివి. నాతో కూడా ఆ రేడియోలోనే మాట్లాడావు. నాకెంత కోపమో తెలుసా? ఇప్పటికీ కోపమే. ఇప్పటికీ నువ్వు కావాలి." ఆమె చెంపలు తడిసిపోయాయి. తుడుచుకోలేదు.

రెండు నిమిషాలూ అయిపోయాయి. తహసీల్దారు మిగిలింది చదవబోయాడు. అక్షరాలు మసకబారాయి. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఎస్తేరు వరండా మెట్లెక్కి, బల్ల దగ్గరకి వెళ్లి, ఆయన చేతిలోంచి ఆ కాగితం తీసుకుంది. ఆయన తిరిగి ఇమ్మనలేదు. అడిగినా ఆమె ఇచ్చేది కాదు. అడుగున ఇంకా కాస్త మిగిలి ఉంది, అమ్మ దస్తూరీలో. ఎస్తేరు మైకు తన ఎత్తుకి దించుకుంది.

"చెప్పేశారా? ఇప్పుడు తలుపు తీసి, అదే మాట వినాల్సినవాళ్లకి వినపడేలా చెప్పి రండి. మీరు వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."

నూకరత్నం లేచి కొంగు నడుముకి బిగించుకుంది. ఎవరినీ రమ్మని పిలవకుండా, గేటు దాటి పోలీస్ స్టేషను వైపు నడిచింది. కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆమె వెనకే వెళ్లారు. మైకు కట్టేయమని గుమాస్తా వచ్చి చెవిలో చెప్పాడు. ఎస్తేరు ఆ కాగితం పట్టుకుని, అక్కడి నుంచి కదలకుండా నిలబడింది.